పహాణీ పెట్టె వెళ్లిపోయాక

15-11-1975
పటాన్‌చెరు

చిరంజీవి ముకుంద్‌ను అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ నేను, మీ నాన్న, మన ఆవు క్షేమమే. భిలాయిలో నువ్వు, కోడలు అరుణాదేవి చల్లగా ఉన్నారని తలుస్తాను. అక్షరాలు మీ నాన్నవి, మాటలు అమ్మవి, ఇదేమిటని అప్పుడే కంగారు పడకు. సంగతి చివర్లో చెప్తాను, వరసగా చదువు.

ఇంటికి కరెంటు వచ్చిందా అని అడిగావు. స్తంభం వచ్చింది, తీగ రాలేదు. బొంబాయి రోడ్డు పక్క ఫ్యాక్టరీలకు మాత్రం ఎప్పుడో వచ్చింది. ఆ ఫ్యాక్టరీల పుణ్యమా అని భూములు చేతులు మారుతున్నాయి. ఎవరి చేను ఎవరి పేరున ఉందో రాసే పహాణీ నకళ్లు కావాలని జనం, పట్వారీ ఇల్లు కదా, నేను కల్లాపి చల్లకముందే మన అరుగెక్కి కూర్చునేవారు. ఇప్పుడు ఎవరూ రావడం లేదు. అరుగు బోడిగా ఉంది.

ఎందుకంటే, ఎమర్జెన్సీ పెట్టినప్పటి నుంచి ఆఫీసులన్నీ గడియారం చూసి నడుస్తున్నాయి. కొత్త తహశీల్దారు పట్వారీలందరినీ పిలిచి, ఇంట్లో కూర్చుని రాసే పద్ధతి ఇక చెల్లదన్నాడట. రికార్డులు సంగారెడ్డి ఆఫీసులోనే ఉండాలి, పదింటి నుంచి ఐదింటి దాకా తన కళ్లెదుటే రాయాలి. మీ నాన్న వెంట తిరిగే సుంకరి ఐలన్న మన పహాణీ పెట్టెను బస్సు మీదికెక్కించి తీసుకుపోయాడు. ఇరవై ఆరేళ్లు ఆ పెట్టె ఉన్నచోట గచ్చు తెల్లగా మిగిలింది. రోజూ ఊడుస్తున్నాను, ఏడుపొస్తోంది.

పెట్టె పోయినందుకు కాదురా ఏడుపు. నాలుగేళ్లుగా మీ నాన్న కుడిచెయ్యి వణుకుతోంది. చాయ్ గ్లాసు నిలవదు, కలం అసలే నిలవదు. అప్పటి నుంచి పహాణీ రాస్తున్నది నేను, నీకొచ్చే ఆయన ఉత్తరాలు రాస్తున్నదీ నేనే. నీ చిన్నప్పుడు నీ పలక పక్కన కూర్చుని నేర్చుకున్న అక్షరాలే. ఆఫీసువాళ్లకు తేడా తెలియకూడదని ఆయన చేతిరాతనే దిద్దుకున్నాను. సంతకం మాత్రం ఆయనే, ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని పెట్టేవారు. అరుణ పురిటికి అమ్మను పంపమని మూడుసార్లు రాస్తే, అమ్మకు పనులున్నాయని జవాబిచ్చాం. ఆ పనులు ఇవే.

ఆఫీసుకు మొదటిరోజు వెళ్లేటప్పుడు చేతికి పసుపుగుడ్డ కట్టి పంపాను, బెణికిందని చెప్పమన్నాను. పది రోజులు గడిచాయి. నిన్న తహశీల్దారు, ఈ నెలాఖరుకు చెయ్యి నయం కాకపోతే కొడుకును పిలిపించి కూర్చోబెట్టు, లేదా రాజీనామా ఇయ్యి అన్నాడట. నేనే వచ్చి రాస్తానన్నాను మీ నాన్నతో.

"పట్వారీ పెండ్లాం తహశీలుల కూసోని రాస్తదా? నలుగురు నవ్వుతరు," అన్నారు.

నాలుగేళ్లు రాసినప్పుడు ఏ ఒక్కడూ నవ్వలేదు! ఆ మాట ఆయనతో అనలేదు, నీకు రాస్తున్నాను.

పహాణీలో నేను ఒక్క గుంట భూమి అటూ ఇటూ చేయలేదు, భవానీ తల్లి సాక్షి. తప్పు రాసింది ఒక్కసారే, అదీ నీకు రాసిన ఉత్తరంలో. మాకు చెప్పకుండా అరుణను పెళ్లాడినట్టు నువ్వు రాసినప్పుడు, "ఈ గడప తొక్కద్దు" అని రాయమన్నారు మీ నాన్న. నేను "కోడలిని తీసుకుని రా" అని రాసి, ఆయన చదవకముందే అంటించేశాను. నువ్వు జవాబు కూడా రాయకుండా నేరుగా వచ్చి బస్సు దిగావు. నాన్న పిలిచాడని నువ్వనుకున్నావు. వద్దన్నా కాళ్ల మీద పడటానికి వచ్చాడని ఆయన కరిగిపోయారు. ఆ రాత్రి మీరిద్దరూ ఒకే కంచం దగ్గర కూర్చుంటే నాకు అన్నం సహించలేదు. ఇన్నాళ్లూ అది నాలోనే దాచుకున్నాను. ఇవాళ పొద్దున ఆయనకు చెప్పేశాను. లేచి వెళ్లి ఆ బోడి అరుగు మీద కూర్చున్నారు. తర్వాత కాగితం తెమ్మని, ఇది రాయమన్నారు:

"ముకుందూ, నా చెయ్యి పోయింది. నువ్వొచ్చి నా జాగల కూసో. లేకుంటే ఇరవై ఆరేండ్ల ఇజ్జత్ పోతది. నిన్ను ఎన్నడు ఏమడగలే, గిదొక్కటి అడుగుతున్న."

అక్షరం మార్చలేదు.

ఇక నా మాట. రావద్దు. కడుపుతో ఉన్న పిల్లను, పర్మనెంటైన ఉద్యోగాన్ని వదులుకుని, ఆయన చేతిరాతతో నేను నడిపిన అబద్ధం కాపాడటానికి రావద్దు. ఆయన రాజీనామా ఇస్తే నలుగురూ నాలుగు మాటలంటారు. పడతాం. పెట్టె లేదు కాబట్టి పురిటికి నేనే వస్తాను, ఆయన్నూ తీసుకొస్తాను.

జవాబు నాన్న పేరున రాయి. ఆయన కళ్లు బాగానే ఉన్నాయి, చదువుకుంటారు. రెండు మాటలూ ఒకే చేతిరాతలో ఉన్నాయి నాయనా. ఏది ఎవరిదో ఈసారి నీకు తెలుసు.

ఇట్లు,
మొదటిసారి తన పేరున ఉత్తరం రాసుకున్న
మీ అమ్మ
రుక్మిణి