ఎండిన నోటికి ఏ మౌత్‌వాష్?

సూపర్‌వైజరు గారికి,

ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే మూడో బల్ల ఉద్యోగిని రాస్తున్నాను. నా నోరు వాసనొస్తోందని, పదిహేను రోజుల్లో బాగుచేసుకోకపోతే గోడౌనుకు మార్చేస్తానని అందరి ముందూ అన్నారు. తలవంచుకుని మందుల షాపుకు వెళ్లి మౌత్‌వాష్ అడిగాను. ఒక సీసా చిగుళ్లకట, ఒకటి పుచ్చుపళ్లకట, ఇంకొకటి తెల్లదనానికట! నాకేదని అడిగితే, "ఏదైనా ఒకటేనమ్మా, రంగు చూసి తీసుకోండి" అన్నాడు షాపతను. మండేదే పనిచేస్తుందనుకుని ఘాటైనది కొన్నాను. నోరు ఇంకా పిడచకట్టుకుపోయింది.

పళ్ల డాక్టరమ్మ సీసా చూసి తలపట్టుకుంది. "ఇందులో స్పిరిటుందమ్మా, ఉన్న తడి కూడా ఆరిపోతుంది. నోరెండితేనే కంపు కొడుతుంది. స్పిరిటు లేనిది వాడు. అది సరే, పనిలో నీళ్లు తాగుతున్నావా?"

ఎక్కడ తాగేది? గంటకు ఇరవై ఫోన్లు. కంప్యూటర్లు పాడవుతాయని బల్లల మీద నీళ్లు వద్దన్నది తమరే. నోరు ఎండగట్టిందీ మీరే, కంపన్నదీ మీరే! ఇదెక్కడి న్యాయం?

సోమవారం నుంచి నీళ్లు తాగుతూనే ఫోన్లు ఎత్తుతాను. మెమో ఇస్తే ఇవ్వండి. కానీ నా నేరం కంపా, దాహమా అన్నది అందులో తేల్చి రాయండి. నాకైతే ఇప్పటికీ అర్థం కావడం లేదు.

మూడో బల్ల నుంచి,
పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఉద్యోగిని