తల తిప్పే కెమెరా

1 ఫిబ్రవరి 1979, గురువారం

ఇది చదువుతున్న నువ్వు దొంగవి. కొట్లో నా సొరుగు తెరిచి, బిల్లుపుస్తకాల కింద చెయ్యి పెట్టి డైరీ తీసినవాణ్ణి ఇంకేమనాలి? షావుకారు పంపాడా? వెళ్లి చెప్పు. ఈ జక్కయ్య ఇక్కడ రాసేదంతా మొహం మీద అనగలిగిందే.

అసలు సంగతి. గవర్నర్‌పేటలో మా చీరల కొట్టుకి క్లోజ్డ్ సర్క్యూట్ టీవీ వస్తోందట. మద్రాసు నుంచి సాంబమూర్తి అనే కంపెనీ మనిషి దిగాడు. సరుకు పోతోందని మా షావుకారు ఆదిశేషయ్యగారి అనుమానం. ఎవరి మీదో చెప్పడు. అంటే అందరి మీదా.

3 ఫిబ్రవరి

కెమెరాలు రెండు రకాలట. ఒకటి బిగించిన వైపే చూస్తుంది. రెండోది మోటారు మీద అటూ ఇటూ తిరుగుతుంది. ఫిక్స్‌డ్‌దే చాలన్నాడు షావుకారు, వాకిలి వైపుకి. అంటే చీరలు చూపించే మా వాళ్ల మీదకి. యూనియన్ సెక్రటరీని, ఊరుకుంటానా? ఎమర్జెన్సీ దేశంలో పోయి రెండేళ్లయింది, మీ కొట్లో ఇంకా పోలేదా అని అడిగాను. తిరిగేదే పెట్టండి, మమ్మల్ని చూసే కన్ను మీ గల్లాపెట్టెనీ చూడాలి అన్నాను.

సాంబమూర్తి మొహం వెలిగిపోయింది. సేల్స్‌మన్ లాజరు మాత్రం నా చెవిలో గొణిగాడు, జక్కయ్యగారూ, అది తల అటు తిప్పుకున్నప్పుడు మన సంగతేంటండీ అని. నీకు సిద్ధాంతం తెలీదు, ఊరుకోవయ్యా అన్నాను.

షావుకారు ఒప్పుకున్నాడు. గెలిచాం. ఇంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నట్టు?

7 ఫిబ్రవరి

బిగించారు. బెజవాడకి ఇంకా టీవీ ప్రసారం రాలేదు. మా ఊళ్లో టీవీ వేస్తే కనబడేది మేమే. చూసేవాడు లోపలి గదిలో షావుకారు ఒక్కడే.

8 ఫిబ్రవరి

కొట్లో ఎవరూ నవ్వడం లేదు.

10 ఫిబ్రవరి, శనివారం, సాయంత్రం 6

లాజరుని తీసేశారు. పదిహేడేళ్లుగా పనిచేస్తున్న మనిషిని.

మా ట్యూబులైట్ల కింద చీర రంగు తేలదు. ముదురాకుపచ్చ కూడా నల్లగా ఉంటుంది. వెలుతుర్లో చూపించమంటారు ఆడవాళ్లు. అమ్మేవాడు చీర భుజాన వేసుకుని బయటి మెట్ల మీదకి వెళ్లి, ఎండలో చూపించి తెస్తాడు. రోజంతా ఇదే పని. ఇవాళ లాజరు ఒక వెంకటగిరి చీర బయటికి తీసుకెళ్లడం టీవీలో కనబడిందట. తేవడం కనబడలేదట. వెతికితే చీర లేదు. తెచ్చానండీ, అమ్మగారు వద్దంటే గుట్టలో పడేశానండీ అని లాజరు ఏడ్చాడు. మిషను అబద్ధమాడుద్దా అన్నాడు షావుకారు.

గుణదల చర్చి తిరునాళ్లకి పామర్రు నుంచి చుట్టాలొచ్చి ఉన్నారు, అక్కడే ఉన్న లాజరింట్లో. దొంగ అనిపించుకుని ఆ గడప ఎట్లా తొక్కాడో!

నేనూ అనుమానించాను. అరగంటసేపు. ఇది కూడా రాయకపోతే డైరీ ఎందుకు?

12 ఫిబ్రవరి, సోమవారం

పొద్దున్నుంచీ బిల్లులు రాస్తూ కెమెరానే చూశాను. వాకిలి వదిలి, గల్లాపెట్టె దాకా తిరిగి, మళ్లీ వాకిలికి వచ్చేసరికి నేను నింపాదిగా ఇరవై దాకా లెక్కపెట్టొచ్చు. మధ్యాహ్నం ఒక చీర భుజాన వేసుకుని, అది నన్ను చూస్తుండగా మెట్ల మీదకి వెళ్లాను. తల తిప్పగానే లోపలికొచ్చి, వాకిలి పక్క గుట్ట మీద చీర పెట్టి నా కుర్చీలో కూర్చున్నాను.

షావుకారు గదిలోంచి వాకిలి దాకా పరుగు, ఆ గుట్టకే ఆనుకుని. జక్కయ్యగారూ, మీరూ మొదలెట్టారా, ఆ చీరేదీ అని కేకలు. మీ మోచేతి కిందే ఉంది చూడండి అన్నాను. మీరు టీవీలో బాగానే పడ్డారంటండీ, చీరే సిగ్గుపడింది అన్నాడు సేల్స్‌మన్ మరియదాసు. నాలుగు రోజుల తర్వాత కొట్లో నవ్వు.

వదల్లేదు. ఆ గుట్టంతా కిందికి తీయించాను. వేరే చీర మడతలోంచి లాజరు వెంకటగిరి జారిపడింది. రద్దీలో రెండూ కలిపి మడిచేశారు.

లాజరుని పిలిపించండి అన్నాను. చూద్దాంలెండి అన్నాడు షావుకారు. తర్వాత మద్రాసుకి ట్రంక్‌కాల్ చేశాడు, వాకిలికి ఫిక్స్‌డ్‌ది కూడా ఒకటి పంపమని.

13 ఫిబ్రవరి

ఇంకా చదువుతున్నావుగా. ఈ పేజీ చించి షావుకారుకి ఇవ్వు.

1. రేపు కొట్టు తీసే వేళకి లాజరు పనిలో ఉండాలి.
2. షావుకారే గుణదల వెళ్లి, చుట్టాలంతా వింటుండగా, లాజరు దొంగ కాదని చెప్పాలి.
3. టీవీని లోపలి గదిలోంచి తెచ్చి అందరికీ కనబడేట్టు పెట్టాలి.
4. తిరిగే కెమెరా అడిగింది, లాజరు మాట విననిది జక్కయ్యేనని యూనియన్ మినిట్స్‌లో రాయాలి.
5. గుణదల వెళ్లేటప్పుడు, అరగంట అనుమానించిన జక్కయ్య ముందు నడవాలి.