పెంట అంటని గుడ్లు

ఏప్రిల్ 2
ఏమే డైరీ, అలిగావా? క్షమించు, ఈస్టర్ ముందు నాకు తీరికెక్కడిది! మేత వేయడం, గూళ్ళలో గడ్డి మార్చడం, గుడ్లు ఏరడం, మార్కెట్‌కి పరుగు. అమ్మింది మాత్రం అంతంతే. పక్క బల్ల మిలొరాద్ ముందు పెద్ద క్యూ. అతని గుడ్లకి పెంట, ఈకలు. పెంట అంటితేనే పల్లె గుడ్డని మా ఊరివాళ్ళ నమ్మకం. నా పెళ్ళినాటి నుంచి నా దగ్గరే కొనే దెసాంకా పెద్దమ్మ కూడా నా గుడ్డు తిప్పి తిప్పి చూసి, ఇంత నున్నగా ఉందేమిటే లూబింకా, ఫ్యాక్టరీలో పెట్టించావా అంది. రోజూ కొత్త గడ్డి వేస్తాను పెద్దమ్మా అన్నాను. సరేలే అని మిలొరాద్ దగ్గరికి పోయింది.

ఏప్రిల్ 4
మిలొరాద్‌కి ఉన్నవి గుప్పెడు ముసలి కోళ్ళు. మరి అన్ని ట్రేలు ఎక్కడివి? ఇవాళ అతని వ్యాన్ పక్కగా వెళ్తుంటే వెనిగర్ వాసన గుప్పుమంది. అర్థమైపోయింది. పంజరాల కోళ్ళ గుడ్లు తెచ్చి, ఫ్యాక్టరీ వాళ్ళు పెంకు మీద కొట్టిన స్టాంప్ వెనిగర్‌తో తుడిచి, అక్కడే పెంట పూస్తున్నాడు! మొహమ్మీదే అడిగేశాను. సలాడ్ కలుపుకున్నానమ్మా, నీకూ కాస్త పెట్టనా అని ఇకిలించాడు.

ఏప్రిల్ 6
మా ఆయన తిహొమిర్ సలహా: నువ్వూ కాస్త పూయవే, మన కోళ్ళ పెంటేగా, అందులో అబద్ధమేముంది? ఈస్టర్‌కి గుడ్లు పోకపోతే మేత కొనలేమట, కోళ్ళన్నిటినీ సూప్‌కి అమ్మేస్తాడట. తోలుకుపో, నిన్ను కూడా తూకానికి వేయిస్తాను అన్నాను.

ఏప్రిల్ 7
పూయను.

ఏప్రిల్ 9
బల్ల మీద గుద్ది మరీ అరిచాను, రండమ్మా రండి, వెనిగర్ తాగని గుడ్లు అని. మిలొరాద్ చిందులు తొక్కాడు. సాక్ష్యం చూపించు, లేకపోతే కోర్టుకి లాగుతాననేశాడు. జనం నవ్వారు. నా ట్రేలు నాతోనే ఇంటికొచ్చాయి. తిహొమిర్ కోళ్ళ బేరగాడికి ఫోన్ చేశాడు. సోమవారం వస్తాడట.

ఏప్రిల్ 10, గుడ్ ఫ్రైడే
ఊరంతా గుడ్లకి రంగేసే రోజు. ఏ వంటింట్లో చూసినా ఎర్ర రంగు కోసం ఉల్లిపొట్టు మరుగుతోంది. సాయంత్రం దెసాంకా పెద్దమ్మ రంగేసిన గుడ్ల గిన్నెతో సహా వచ్చి మా తలుపు బాదింది. మొదట ఎరుపెక్కిన గుడ్డు ఏడాదంతా ఇంటికి కాపలా అని మా నమ్మకం కదా. దాని మీద పాలిపోయిన మచ్చ! స్టాంప్ తుడిచిన చోట పైపొర పోయి రంగు పట్టలేదు. గిన్నెలో గుడ్లన్నీ అంతే. ఇదా నా ఇంటికి కాపలా, వాడి వ్యాన్ తగలెయ్య, నీ దగ్గర ఏమైనా మిగిలాయటే అంది. అన్నీ మిగిలాయి పెద్దమ్మా, నున్నగా ఉన్నాయి, పర్లేదా అన్నాను. మాటలాపి ట్రే తియ్యవే అంది. ఆవిడ వెనక వీధి వీధంతా నిలబడి ఉంది.
బేరగాడికి ఫోన్ నేనే చేశాను. రావద్దన్నాను.

ఏప్రిల్ 14
పక్క బల్ల ఖాళీ. జ్వరమని కబురు పంపాడట. మెసేజ్ పెట్టాను: మిలొరాద్ అన్నా, నీ పక్కన నిలబడి అమ్మితేగాని నాకు మజా రాదు. మళ్ళీ ఎప్పుడు కలుద్దాం?