మూతపడ్డ మిల్లు, జొన్న విత్తనం

నంద్యాల, జూన్ 1957, బుధవారం రాత్రి

ఈ ఉదయం తొమ్మిదింటికి వేరుశనగ నూనె మిల్లు మూతపడింది. నూనె కొనేవాళ్లు లేరని, పేపరుకు వార్త రాసుకోవడానికి వెళ్లిన నాతో యజమానులు అన్నారు.

సాయంత్రం ఆళ్ళగడ్డ నుంచి తెలిసిన రైతు ఓబులేసు నా గదికి వచ్చాడు. మిల్లును నమ్మి వాళ్ల ఊరంతా ఏళ్లుగా వేరుశనగ ఒక్కటే వేస్తోంది.

"ఈసారి జొన్న వేయరాదా?" అన్నాను.

"ఇత్తనం యాడుందన్నా? జొన్నలు దాచే పాతర్లు పూడ్చి, కాయలు ఆరబోసే కల్లాలు చేసుకుంటిమి. నీ పేపరు ఇత్తితే మొలుస్తాదా?"

ఇద్దరం నవ్వాం. వాన పడి పొలం విత్తే పదును మీదుంది. వారంలో విత్తకపోతే ఈ ఏడు అతని భూమి బీడే.

మెస్సులో నా పక్కన కూర్చునే మిల్లు కూలీలు ఊళ్లకు వెళ్లిపోయారు. ఒక్కడినే తిన్నాను. రాసిన వార్త చదివి వినిపించడానికీ ఎవరూ లేరు.

ఆత్మకూరు వైపు జొన్న విత్తనం ఉందట. దొరక్కపోతే... రేపు తొలి బస్సుకు ఓబులేసు వెళ్తున్నాడు. నేనూ వెళ్తాను.