నేలకానించిన చెవి

వీరేషన్నకు,

పక్క చేనికి కావలి పడుకున్న బయ్యన్నను మొన్న కట్లపాము కరిచింది. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. అయినా మన నాయన శెనక్కాయ చేలో అడవిపందుల కావలికి నేలమీదే పడుకుంటున్నాడు. నేను మంచం, దోమతెర మోసుకుపోతే కసిరాడు.

"మంచమెక్కితే పందులొచ్చేది ఎట్ల తెలుస్తాదే? చెవి నేలకు ఆనించాల."

"అయితే నేనూ ఈడే పండుకుంటా."

"నిన్ను పాము కరిస్తే?"

"నిన్ను కరవదా నాయనా?"

నన్ను మంచమెక్కించి, తానూ ఎక్కి, దోమతెర అంచులు బొంత కింద దోపాడు. ఇద్దరం కూర్చునే తెల్లవార్చాం. పందులు మాత్రం మాకు చప్పుడు తెలియకుండానే మూడు సాళ్లు తవ్విపోయాయి.

ఈ రాత్రి మంచమెక్కనంటున్నాడు. వంతులేసుకుని మేలుకుందామంటే, ఆడపిల్లను ఒక్కదాన్నే కావలి ఉండనివ్వడట. రాయదుర్గంలో జీన్స్ కుట్టే పనికి సెలవు పెట్టి వచ్చెయ్యి. నువ్వొచ్చేదాకా ఆయన నేలమీదుంటే నేనూ నేలమీదే.

నీ చెల్లెలు