కల్లం గాలి

ఒరేయ్ సుబ్బారావూ,

ఇవాళ నీ సంవత్సరీకం. మీ ఇంట్లో భోజనం చేసి తిన్నగా మన ఊరి కాలేజీ కబడ్డీ కోర్టుకి వచ్చాను. మనిద్దరం కూర్చునే గట్టు మీదే కూర్చుని రాస్తున్నాను.

నీ కూతురు లావణ్య మన కాలేజీలో చేరలేదురా. చిన్నప్పుడు నువ్వు చెయ్యి పట్టుకుని ఆట నేర్పిన పిల్ల, ఇప్పుడు గుంటూరులో ఒక కాలేజీకి ఆడుతోంది.

"ఏమ్మా, మన ఊరి కాలేజీ పనికిరాలేదా?" అని అడిగేశాను.

"ఈ మట్టిలో మోకాళ్లు పోతున్నాయి బాబాయ్. అక్కడ మ్యాట్ మీద ఆడిస్తారు. నన్నేం చెయ్యమంటావ్?" అంది.

రేపు వాళ్ల జట్టు, నేను ఆట నేర్పుతున్న మన కాలేజీ పిల్లల మీద ఆడటానికి మన కోర్టుకే వస్తోంది. ఊళ్లోవాళ్ల ముందు ఓడిపోతే, వచ్చే ఏడు మన జట్టులో చేరడానికి ఒక్క పిల్లయినా వస్తుందా?

పక్క కల్లంలో మిరపకాయలు ఎండబోశారు. గాలి ఇటే కొడుతోంది. ఇన్నేళ్లూ సగం ఆటలు ఆ ఘాటే గెలిపించింది కదరా! బయటి పిల్లలు కబడ్డీ కబడ్డీ అంటూ మన గీత దాటేవాళ్లు, అంతలోనే దగ్గు తెరలు. కూత తెగేది, అవుటయ్యేవాళ్లు. నువ్వు కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాడివి.

లావణ్యకి కూత పట్టడం నువ్వు నేర్పింది ఆ కల్లంలోనే, ఎండుమిరపకాయల మధ్య నిలబెట్టి.

రేపు ఆ పిల్ల దగ్గదురా.