రాతిలో దాక్కుని వచ్చినది

అన్నా,

దండాలు. నువ్వు పోయి పదకొండు నెలలైంది. ఇన్నాళ్లకు నీకు రాయడానికి కూర్చున్నాను...

ఆ రాయిలో ఉన్నదేమిటో తెలిసింది.

జహనుమాలో నవాబు గారి దేవిడీ బంగళాలో, చేపల గాజు తొట్టి చూసుకునే పని నీది. బందరు నుంచి రైల్లో పీపాల నిండా సముద్రపు నీళ్లు వచ్చేవి. సైకిల్ పంపుతో ఆ నీళ్లకు గాలి కొట్టేవాడివి. తోటపనికి నన్ను చేర్పించిందీ నువ్వే. ఒకసారి పీపాలతో పాటు సముద్రం అడుగు నుంచి తీసిన రాయి ఒకటి వచ్చింది. చూడముచ్చటగా ఉందని తొట్టిలో పెట్టించారు. కొన్నాళ్లకు చేపలు ఒక్కొక్కటే మాయం కాసాగాయి.

"రాయిల ఏందో ఉన్నది తమ్మీ. టక్కు టక్కుమని సప్పుడైతున్నది. జర చెవి పెట్టి ఇను" అన్నావు.

పెట్టాను. నాకేమీ వినిపించలేదు. నిజంగా వినిపించలేదు అన్నా.

నువ్వే చేపలను బయట అమ్ముకుంటున్నావన్నాడు, దేవిడీ లెక్కలు చూసే మున్షీ. నన్ను పిలిచి, నువ్వు చెప్పిన చప్పుడు నేనూ విన్నానా అని అడిగాడు. లేదన్నాను. అంతవరకు అబద్ధం కాదు. కానీ మా అన్న దొంగ కాడు అని ఒక్క మాట అనలేకపోయాను. నువ్వు నా వంక చూశావు. అప్పుడేమనుకున్నావు?

పనిలోంచి తీసేస్తే దర్వాజా దాటుతూ, "గాలి కొట్టుడు మరువకు తమ్మీ. పానమున్న జీవాలు" అని మాత్రం అన్నావు.

తొట్టి నా చేతికి వచ్చింది. మొదటి వారంలోనే పసుపు చారల చేప కనిపించలేదు. దొంగవు నువ్వు కాదని ఆ పొద్దున్నే తెలిసిపోయింది. మున్షీ గది నాలుగు అడుగుల దూరం. వెళ్లలేదు. చెబితే నన్నూ దొంగ అంటారని భయం. నవాబు గారు వేసవికి చల్లని ఊరు వెళ్లారు, తిరిగొచ్చాక కూడా తొట్టి వైపు ఎవరూ చూడలేదు.

నువ్వప్పుడు బతికే ఉన్నావు అన్నా... పత్తర్‌గట్టి బజారులో బట్టల మూటలు మోస్తున్నావు. వానల్లో జ్వరం వచ్చి పడుకున్నాక రోజూ నీ మంచం పక్కనే కూర్చున్నాను. అయినా ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

"నువ్వు సుత నన్ను దొంగ అనుకుంటున్నవా తమ్మీ?" అని ఒక్కసారి అడిగావు.

నీళ్లు తాగమన్నాను.

పోయిన శుక్రవారం గాలి కొడుతుంటే నేనూ విన్నాను. టక్కుమంది. తొట్టి గాజు మీద వెంట్రుకంత చీలిక. రాయిని తీసి గంగాళంలో పెట్టి, కాసిని ఉప్పునీళ్లు పోసి కూర్చున్నాను. మధ్యాహ్నానికి బొరియలోంచి బయటికొచ్చింది. వేలంత పొడవు, ఆకుపచ్చ ఒళ్లు, కాడల మీద తిరిగే కళ్లు. ముందుకాళ్లు గొల్లభామలా మడుచుకుని ఉంది.

సీసాలో వేసుకుని కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మాస్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన భూతద్దంతో చూశాడు, పుస్తకం తిరగేశాడు. ఇది రొయ్యలకు దూరపు చుట్టమట. గోరంత పిల్లగా ఉన్నప్పుడే రాతిలో దూరి వచ్చి ఉంటుందట. ఆ ముందుకాళ్లతో కొడితే నత్తగుల్ల కూడా పగులుతుందట. చప్పుడు అదేనట. నువ్వు చెప్పినదే అన్నా... నువ్వు ఏ పుస్తకమూ చూడకుండానే చెప్పావు.

మున్షీకి సీసా చూపించాను. ఇన్నాళ్లూ నేను నిజం దాచిందీ చెప్పాను. పాన్ నములుతూ, పోయినవాడి సంగతి ఇప్పుడెందుకన్నాడు. రేపటి నుంచి నన్నూ రావద్దన్నాడు. ఇన్నాళ్లు నేను భయపడింది ఇంతమాత్రానికేనా?

ఆ జీవి సాయంత్రానికి సీసాలోనే చచ్చిపోయింది. నాకు సంతోషమేమీ కలగలేదు.

వదినకు చెప్పాను. ఆమె బియ్యం చెరుగుతోంది. ఆయన ఉన్నప్పుడే నీకు తెలుసా, అని ఒక్కటే అడిగింది. తెలుసన్నాను. చాట పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది. మూడు రోజులుగా నాతో మాట లేదు. అన్నం మాత్రం పెడుతోంది.

మాదన్నపేట కూరగాయల మార్కెట్‌లో ఆమెను ఇప్పటికీ చేపల దొంగ పెండ్లాం అంటున్నారట. రేపు పొద్దున అక్కడికి పోతున్నాను. ప్రతి గంప ముందు నిలబడి, మా అన్న దొంగ కాడని చెబుతాను. ఎట్లా తెలుసని అడుగుతారు. అదీ చెబుతాను.

నన్ను క్షమించమని అడగను అన్నా.

నీ తమ్ముడు,
నర్సింగ్